రోజూ వాడే ప్యాకెట్లలో మీకు వింతగా అనిపించేవి ఏమిటి?

చిప్స్ ప్యాకెట్లో గాలిని అందరూ తిడతారు గానీ, నేను దాన్ని వదిలేస్తా. అది నైట్రోజన్. ముక్కలు నలగకుండా, నూనె వాసన రాకుండా నింపుతారు. (మరీ ముప్పావు వంతు నింపాలా అంటే అది వేరే గొడవ.)

నా మటుకు నాకు మందుల షీటే నంబర్ వన్. మా మావయ్యగారికి బీపీ ఉంది. పది మాత్రల షీటులో ఆరు చాలంటే మెడికల్ షాపులో కత్తెరతో టక్కున కోసి ఇస్తారు. ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న అంచు మాత్రం షాపులోనే ఉండిపోతుంది. వాళ్లనీ తప్పు పట్టలేం, గడువు దాటిన సరుకు వెనక్కి పంపాలంటే వాళ్లకు ఆ అంచే ఆధారం. పోనీ షీటు మొత్తం కొందామా అంటే, పేరు సరిగ్గా మాత్ర వెనక రేకు మీదే అచ్చేసి ఉంటుంది. నొక్కి తీయగానే రేకు చిరుగుతుంది. వారం తిరిగేసరికి డబ్బాలో ‘టెల్మి’ అని ఒక ముక్క, ‘సార్టాన్ 40’ అని ఇంకో ముక్క! ఇప్పుడు కోయకముందే షీటును ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నా. షాపతను మొదట్లో అదోలా చూశాడు, ఇప్పుడు తనే తేదీ వైపు తిప్పి పట్టుకుంటున్నాడు.

రెండోది నూనె ప్యాకెట్. మనం అడిగేది లీటరు. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కానీ చేతికొచ్చేది ఒక్కోసారి 850 గ్రాముల ప్యాకెట్, చూడటానికి అచ్చం అంతే ఉంటుంది. మోసం అనడానికీ లేదు, బరువు వేసే ఉంటుంది. ధరలు పోల్చుకోవడానికి వీలుగా గ్రాముకు ఎంత పడుతుందో కూడా ప్యాకెట్ మీద వేయాలని రూలు తెచ్చారు. బాగానే ఉంది, కానీ ఆ అంకెను రెండు దశాంశాలకు సర్దుతారు. 850 గ్రాములు 141 రూపాయలైనా, 148 రూపాయలైనా గ్రాముకు 0.17 అనే పడుతుంది. ఏడు రూపాయలు ఆ సర్దుబాటులోనే మాయం! ఇక పక్కనున్నది లీటరు ప్యాకెట్ అయితే 910తో భాగించుకుంటూ షాపులో నిలబడాల్సిందే.

మసాలా పొడుల సంగతి సరే సరి. ‘తేదీ కోసం పై అంచు చూడండి’ అంటాడు. కత్తిరించమని చుక్కల గీత వేసేదీ ఆ అంచు మీదే. డబ్బాలో పోశాక ఆ పొడి ఏ నెలదో దేవుడికే తెలియాలి. మా అత్తయ్యగారు తేదీ ముక్కను కత్తిరించి డబ్బా మూతకి లోపల అంటిస్తారు. అయితే ఆవిడ చదివేది తెలుగు ఒక్కటే. ‘అమ్మ చేతి రుచి’ అని ముందువైపు తెలుగులో బొద్దుగా వేసినవాళ్లు, వెనక వివరాలు మాత్రం చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో వేస్తారు. హిందీ గానీ ఇంగ్లిష్ గానీ ఉంటే చాలు, మిగతా భాషలు ఇష్టమైతే వేసుకోవచ్చన్నదే రూలు. అందుకే ఆ ముక్కలు చదివి పెట్టే డ్యూటీ మా అబ్బాయిది.

షాంపూ సాచెట్ తడి చేత్తో చిరగదని కొత్తగా చెప్పక్కర్లేదు, పళ్లున్నాయిగా. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించారు కదా, జ్యూస్ డబ్బాకి ఇప్పుడు కాగితం స్ట్రా వస్తోంది. దానికి చుట్టింది మాత్రం ప్లాస్టిక్ తొడుగు.