న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో జులైలో కారు నడపాలంటే

క్రైస్ట్‌చర్చ్‌లో కారు అద్దెకు తీసుకుని క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్ (కొండల మధ్య సముద్రపు పాయ) వెళ్తున్నామన్నారు, మనలాగే ఎడమవైపు కాబట్టి సులువే కదా అని అడిగారు. స్టీరింగ్ వరకూ సులువే. చిక్కంతా చెయ్యి తిరిగిన మన అలవాట్లతోనే.

ముందు, ఫ్రీ లెఫ్ట్ మర్చిపోండి. ఎర్రలైటుంటే ఎడమకైనా తిరగకూడదు. స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. రౌండబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. మీ వైపు పసుపు గీత అవిచ్ఛిన్నంగా ఉంటే ఓవర్‌టేక్ చేయకండి.

ఒంటి లేన్ వంతెనలు చాలా వస్తాయి. గుండ్రటి బోర్డు మీద చిన్న ఎర్ర బాణం మీ దిక్కుకి ఉంటే ఆగాల్సింది మీరే. నీలం బోర్డు మీద పెద్ద తెల్ల బాణం మీదైతే ముందు మీరు. అయినా ఎదుటి బండి అప్పటికే వంతెన మీదుంటే ఆగండి. లైటు కొట్టి దూసుకెళ్లకండి.

హైవే అంటే చాలాచోట్ల అటొకటి, ఇటొకటి లేనే. గరిష్ఠ వేగం 100 అని ఉన్నా మలుపుల్లో అంత పోలేరు. క్వీన్స్‌టౌన్‌కి 480 కిలోమీటర్లు, మ్యాప్ చూపే 6 గంటలకి రెండు కలుపుకోండి. జులై అక్కడ చలికాలం, సాయంత్రం 5 దాటితే చీకటే. వెనక బండ్లు పేరుకుంటే చోటు చూసి ఎడమకు తీసి దారివ్వండి.

అసలు భయపడాల్సింది రోడ్డు మీద గడ్డకట్టే మంచుపొరకి. ఎండపడని మలుపుల్లో, వంతెనల మీద పొద్దున్నే కంటికి కనపడకుండా ఉంటుంది. అక్కడ గట్టిగా బ్రేకు తొక్కితే బండి జారిపోతుంది. ముందే వేగం తగ్గించి, ముందున్న బండికి బాగా దూరం ఉంచండి. మిల్ఫర్డ్ రోడ్డులో చలికాలం చెయిన్లు (మంచులో జారకుండా టైర్లకు చుట్టేవి) తీసుకెళ్లమని బోర్డులుంటాయి. అద్దెకారుతోనే అడిగి తీసుకోండి, ఇంజిను తిప్పే చక్రాలకే వేయాలి (చాలా చిన్నకార్లకు ముందువి). కంపెనీ వాళ్ల పార్కింగులోనే ఒకసారి వేసి చూడండి, చలిలో వేళ్లు కొంకర్లుపోయాక నేర్చుకోలేరు. వేశాక 40 దాటకండి.

లైసెన్సు కార్డే వెంట ఉండాలి, డిజీలాకర్‌లోది నమ్ముకోవద్దు. ఇంగ్లీషులో ఉంటే అనువాదం అక్కర్లేదు. ఏడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, బుకింగ్‌లోనే చెప్పండి. దారిలో వచ్చే టె అనావు ఊళ్లో ట్యాంకు నింపుకునే మిల్ఫర్డ్ వైపు బయల్దేరండి, అక్కడి నుంచి 120 కిలోమీటర్లు. బయల్దేరే పొద్దున రోడ్డు తెరిచారో లేదో చూసుకోండి, కొండల మీంచి మంచుచరియలు విరిగిపడే ముప్పుంటే మూసేస్తారు.