సమాచార సర్వీసులో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీకు ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసు వచ్చిందని తెలిసి ఎంత సంతోషించానో. ఐఏఎస్ రాలేదే అని ఎవరైనా నసిగితే పట్టించుకోకు. ఢిల్లీలోని జర్నలిజం విద్యాసంస్థ ఐఐఎంసీలో శిక్షణ అయ్యాక, కేంద్ర ప్రభుత్వ సమాచారం పత్రికలకు అందించే పీఐబీలో వేస్తే, ఏదో ఒక శాఖ తరఫున రోజూ పత్రికలతో మాట్లాడేది నువ్వే.

ప్రెస్ నోట్‌లో డబ్బు లెక్క కనిపిస్తే అక్కడ ఆగు. "ఫలానా వంతెనకు పది కోట్లు ఇచ్చాం" అని మంత్రిగారి పేషీ నుంచి కాగితం వస్తుంది. ఫైలు తెప్పించుకో. పరిపాలనా అనుమతి ఒక్కటే వచ్చిందా, నిధులు విడుదలయ్యాయా, ఖర్చు కూడా అయిందా చూడు. అనుమతి దశలోనే ఉంటే అంతవరకే రాయి. పేషీవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. లేకపోతే ఆ వాగు దగ్గరి విలేకరి ఖాళీ గట్టు ఫొటో పంపుతాడు. మర్నాడు నీ నోటు, ఆ ఫొటో పక్కపక్కనే అచ్చవుతాయి. ఆ తర్వాత ఎంత వివరణ పంపినా లోపలి పేజీలో రెండు లైన్లే.

రాత్రి ఫోనొచ్చినా ఎత్తు. విషయం తెలియకపోతే "కనుక్కుని చెప్తాను, మీకు ఎన్నింటిలోపు కావాలి?" అని అడుగు. ఆ టైముకు దొరక్కపోతే దొరకలేదనైనా చెప్పు. చెప్పకూడనిదైతే చెప్పలేనను, అబద్ధం మాత్రం ఆడకు. ఒక్కసారి ఆడావంటే నీ నిజాన్ని కూడా ఇంకో చోట సరిచూసుకుంటారు. "ఇది రాయకండి" అనేది మాట్లాడకముందే ఒప్పించుకోవాలి, నోరు జారాక బతిమాలితే లాభం లేదు. పెద్ద పత్రికవాళ్లకిచ్చే మర్యాదే చిన్న ఊరి విలేకరికీ ఇవ్వు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి శ్రద్ధగా చదువు. ఐదో నియమం ప్రకారం రాజకీయాలతో నీకు సంబంధం ఉండకూడదు. ప్రతిపక్షాన్ని విమర్శించే వాక్యం నోట్‌లో పెట్టమంటే "అది పార్టీ ఆఫీసు నుంచి వెళ్తే బాగుంటుంది సార్" అని మర్యాదగా చెప్పు. ఒత్తిడి చేస్తే రాతపూర్వకంగా ఇవ్వమను, పై అధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలని మూడో నియమమే చెబుతోంది. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లూ మరీ జాగ్రత్త.

చేరగానే సెక్షన్ ఆఫీసర్లను పరిచయం చేసుకో, ఏ లెక్క ఏ ఫైల్లో ఉందో వాళ్లకే తెలుస్తుంది. ఏ శాఖకు వేశారో తెలిశాక రాయి, దాని బడ్జెట్ పత్రాలు కలిసి చదువుదాం.

నీ పెదనాన్న