100 ఫెమ్టోసెకండ్ల (సెకనులో పది లక్షల కోట్ల వంతులో వంద రెట్లు) లేజర్ పల్స్‌ను రుబిడియం ఆవిరి ఎందుకు పీల్చుకోవడం లేదు?

మీ ప్రశ్న ఇది: టైటానియం-సఫైర్ లేజర్ నుంచి 795 నానోమీటర్ల పల్సులు, 80 మెగాహెర్ట్జ్ వేగంతో, 10 సెం.మీ. రుబిడియం సెల్ (ఆవిరి నింపిన గాజు గొట్టం)లోకి పంపుతున్నారు. సెల్ 100 డిగ్రీల దగ్గర ఉంది. బీర్-లాంబర్ట్ (పదార్థం మందం పెరిగేకొద్దీ కాంతి ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం) లెక్కన ఏమీ బయటికి రాకూడదు, కానీ పవర్ మీటర్‌లో తేడా కనిపించడం లేదు. సెల్ పాడైందా?

సెల్ బాగానే ఉంది, మీటరూ అబద్ధం చెప్పడం లేదు. మీ పల్స్ స్పెక్ట్రం వెడల్పు దాదాపు 4400 గిగాహెర్ట్జ్, అంటే 9 నానోమీటర్ల పైమాట. రుబిడియం రేఖ (అది పీల్చుకునే సన్నటి పౌనఃపున్యం) డాప్లర్ వెడల్పు, అంటే పరమాణువుల కదలిక వల్ల వచ్చేది, అర గిగాహెర్ట్జ్. 100 డిగ్రీల దగ్గర హైపర్‌ఫైన్ రేఖలన్నీ (కేంద్రకం ప్రభావంతో ఒక రేఖ చీలి ఏర్పడే ఉపరేఖలు) కలిసి నల్లబడినా, మింగేది మహా అయితే 10 గిగాహెర్ట్జ్. అంటే శక్తిలో వెయ్యికి రెండు వంతులు. లేజర్ పవర్ తనంతట తాను ఊగేది అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఇక మీటర్‌లో ఏం తెలుస్తుంది?

అయినా పల్స్ మారకుండా రాలేదు. రేఖ దగ్గర ఫేజ్ విపరీతంగా తిరుగుతుంది. ముందు మీ పల్స్ దాదాపు అలాగే వెళ్లిపోతుంది, దాని వెనకాల వ్యతిరేక ఫేజ్‌లో ఒక పొడవాటి తోక మోగుతూ వస్తుంది. పల్స్ కదిపి వదిలిన పరమాణువులు తర్వాత తాము వెలువరించే కాంతి అది. పల్స్, తోక కలిపి విద్యుత్ క్షేత్రపు ఎన్వలప్‌ను (డోలనాల పై రూపురేఖను) కాలం మీద కూడితే సున్నా వస్తుంది, అందుకే దీన్ని సున్నా వైశాల్యపు పల్స్ అంటారు. వైశాల్యం చచ్చిపోతుంది, శక్తి బతికే ఉంటుంది.

తోక మొదటిసారి సున్నా దాటే సమయాన్ని కాగితం మీదే లెక్కకట్టొచ్చు. శోషణ గుణకం (ఆల్ఫా), సెల్ పొడవు గుణించి, దాన్ని పౌనఃపున్యం మీద గీసి, ఆ వక్రరేఖ కింది వైశాల్యం హెర్ట్జ్‌లలో తీసుకోండి. 3.67ని దానితో భాగించండి, అంతే. డాప్లర్ వెడల్పుతో పని లేదు, ఈ వక్రరేఖ వైశాల్యమే ముఖ్యం (తోక వంద పికోసెకండ్ల లోపు ఉన్నంతవరకు). 100 డిగ్రీల దగ్గర సాంద్రత ఘన సెం.మీ.కు 6 లక్షల కోట్ల పరమాణువులు. 795 రేఖకు ఆ వైశాల్యం 545 గిగాహెర్ట్జ్, సమయం 7 పికోసెకండ్ల లోపు. తోక తీవ్రత మాత్రం పల్స్‌లో అర శాతం దగ్గరే. 130 డిగ్రీలకు తీసుకెళ్తే సాంద్రత ఆరింతలవుతుంది, సమయం 1.1 పికోసెకండ్‌కు దిగుతుంది, తోక పదో వంతు దాటుతుంది. చూడాలంటే అక్కడ చూడండి.

దేంతో చూడాలంటే క్రాస్-కోరిలేషన్‌తో, అంటే సెల్ దాటిన పల్స్‌ను మారని పల్స్‌తో పోల్చి. సెల్‌కు ముందే కిరణంలో కొంత విడదీసి, డిలే స్టేజ్ (అద్దాలను జరిపి కాంతిని ఆలస్యం చేసే అమరిక) మీదుగా తెచ్చి, సెల్ దాటి వచ్చిన కిరణంతో బీబీవో స్ఫటికంలో కలపండి. స్టేజ్ 1 మిల్లీమీటరు కదిలితే 6.67 పికోసెకండ్లు. పల్స్‌ను దానితోనే పోల్చే ఆటోకోరిలేటర్ పనికిరాదు, దాని వక్రరేఖ ఎప్పుడూ రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తోక ముందుందో వెనకుందో చెప్పదు. సెల్ చల్లగా ఉన్నప్పుడు ఒక స్కాన్ తీసి పెట్టుకోండి, కిటికీ గాజు చేసే మార్పు అందులో తేలిపోతుంది.

ఎక్కువమందిని ముంచేవి రెండు. మొదటిది వేడి. ఆవిరి సాంద్రతను తేల్చేది సెల్‌లో అన్నిటికంటే చల్లని చోటు. అది కిటికీ అయితే గాజు మీద లోహం అద్దంలా పూత కడుతుంది, పవర్ నిజంగానే పడిపోతుంది, మీరేమో శోషణ దొరికిందని సంబరపడతారు. కిటికీలను రుబిడియం ఉన్న తోక గొట్టం కంటే 10-15 డిగ్రీలు వేడిగా ఉంచండి, థర్మోకపుల్ తోక గొట్టం మీద పెట్టండి. రెండోది 80 మెగాహెర్ట్జ్. పల్సుల మధ్య ఎడం 12.5 నానోసెకండ్లు, పై స్థాయి ఆయుష్షు 27.7. పరమాణువు పాత పల్స్‌ను మరచిపోకముందే కొత్తది వచ్చి పడుతుంది. పల్స్ పికర్‌తో (కొన్ని పల్సులనే వదిలే పరికరం) 4 మెగాహెర్ట్జ్‌కు దించితే ఈ గొడవ వదులుతుంది.

ఇది మెక్‌కాల్, హాన్ 1967లో చెప్పిన స్వయంప్రేరిత పారదర్శకతేనా (బలమైన పల్స్ శక్తి పోగొట్టుకోకుండా ఆవిరిని దాటిపోవడం) అని చివర్లో అడిగారు. కాదు. దానికి పల్స్ వైశాల్యం (పరమాణువును పల్స్ ఎంత కోణం తిప్పుతుందో చెప్పేది) 2పై ఉండాలి. ముందు సగం పరమాణువును పైకి ఎత్తుతుంది, వెనక సగం కిందికి దించి శక్తిని వెనక్కి తీసుకుంటుంది. మీ పల్స్‌తో, 1 మిల్లీమీటరు కిరణంలో, దానికి సుమారు 5 మైక్రోజౌళ్లు కావాలి. మీ దగ్గర ఉన్నది 10 నానోజౌళ్లు, అంటే వైశాల్యం పైలో పదో వంతు. బిగించి ఫోకస్ చేస్తే తీవ్రత వస్తుంది గానీ కిరణం మిల్లీమీటరు దూరంలోనే విచ్చుకుపోతుంది.

అదే కావాలంటే ఫెమ్టోసెకండ్లు వదిలేసి 2 నానోసెకండ్ల పల్స్‌కు రండి. కావలసిన తీవ్రత పల్స్ నిడివి వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి చదరపు సెం.మీ.కు పదుల వాట్లు చాలు, డయోడ్ లేజర్, యాంప్లిఫయర్, మాడ్యులేటర్‌తో అయిపోతుంది. అయితే అక్కడ హైపర్‌ఫైన్ రేఖలు విడివిడిగా కనబడతాయి, ఒక్కోదాని బలం వేరు, ఒకదానికి 2పై అయింది ఇంకోదానికి కాదు. స్లషర్, గిబ్స్ 1972లో రుబిడియంను బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి ఒక్క రేఖను విడదీసింది ఇందుకే. ఆలస్యం ఆల్ఫా, పొడవు, పల్స్ నిడివి గుణించి అందులో సగం. ఆల్ఫా గుణింతం పొడవు 5 ఉంటే 5 నానోసెకండ్లు. 20కి పెంచితే ఆలస్యం ఆయుష్షుతో పోటీ పడుతుంది, పల్స్ దారిలోనే కరిగిపోతుంది. కిరణం మధ్యలో 2పై ఉన్నా అంచుల్లో ఉండదు, కాబట్టి సెల్ చివరి ముఖాన్ని లెన్స్‌తో పిన్‌హోల్ మీదికి తెచ్చి నడిమి భాగాన్నే డిటెక్టర్‌కు ఇవ్వండి. మామూలు సాచురేషన్ (పరమాణువులు నిండిపోయి ఇక పీల్చుకోలేకపోవడం) కాదని తేల్చుకోవాలంటే పవర్‌ను నాలుగింతలు చేయండి. వైశాల్యం 4పై అవుతుంది, ఆసిలోస్కోప్ మీద ఒక పల్స్ రెండుగా చీలాలి.