పాస్‌వర్డ్ మర్చిపోతే పాతదే ఎందుకు చెప్పరు?

సరైన పద్ధతిలో నడిచే సైట్ దగ్గర మీ పాస్‌వర్డ్ అసలు ఉండదు, అందుకే పాతది చెప్పలేక కొత్తది పెట్టుకోమంటుంది. నెల్లూరు ట్రంకురోడ్డు నెట్ సెంటర్‌లో "పాతదే చూసి చెప్పబ్బయ్యా" అని అడిగితే ఆ కుర్రాడు చెప్పలేకపోవడం అతని తప్పు కాదు.

మొలగొలుకుల బియ్యం పిండి పట్టిస్తే మళ్లీ గింజలు రావు కదా. పాస్‌వర్డ్‌ను కూడా అలాగే లెక్కల మరలో వేసి, వచ్చిన పిండిని మాత్రమే దాచుకుంటారు. మీరు లాగిన్ అయినప్పుడు మళ్లీ మరాడించి, రెండూ ఒకటేనా అని చూస్తారు.

యూనిక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పద్ధతిని తెచ్చినవారు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబర్ట్ మోరిస్. యూనిక్స్‌ను తయారుచేసినవారిలో ఒకరైన కెన్ థాంప్సన్‌తో కలిసి 1979లో రాసిన వ్యాసంలో 'సాల్ట్' గురించి వివరించారు. మరలో వేసేముందు ఒక్కో పాస్‌వర్డ్‌కు విడిగా కలిపే చిటికెడు ఉప్పు అది. అప్పటి యూనిక్స్‌లో 4,096 రకాలు. కావలిలో ఒకరు, ఒంగోలులో ఒకరు 'నెల్లూరు123' అనే పెట్టుకున్నా ఉప్పు వేరైతే దాచిన అక్షరాలు వేరే. రెండూ ఒకటేనని ఫైల్ దొంగిలించినవాడికి చూడగానే తెలియదు. ఎంత చక్కటి ఆలోచన!

పాత పాస్‌వర్డే మెయిల్‌లో పంపితే మంచి సర్వీస్ అనుకుంటారు చాలామంది. నిజానికి అది ప్రమాదం, మీ పాస్‌వర్డ్‌ను వాళ్లు తిరిగి చదవగలిగేలా ఉంచారన్నమాట.

మోరిస్ 1986లో అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏలోని కంప్యూటర్ భద్రతా కేంద్రానికి ముఖ్య శాస్త్రవేత్తగా వెళ్లారు. 1988లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన వార్మ్ (తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకే ప్రోగ్రామ్) ఈయనది కాదు, కొడుకు రాబర్ట్ టాపన్ మోరిస్‌ది.