సీరియల్ నటన జీవనోపాధి అవుతుందా?

ప్రశ్న: నల్లగొండలో డిగ్రీ పూర్తి చేసిన మా చెల్లెలు టీవీ సీరియళ్లలో నటిస్తానంటోంది. ఆ వృత్తిలో నిలకడ ఉంటుందా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: 1995లో ఈటీవీ ప్రారంభమైన తరువాత దైనిక ధారావాహికలు పెరిగి ఎందరో నటులకు జీవనోపాధి అయ్యాయి. అయితే ఇక్కడ సాధారణంగా నెల జీతం ఉండదు. షూటింగుకు పిలిచిన రోజులకే పారితోషికం లెక్కగడతారు కనుక, కథలో పాత్ర తగ్గినా, రేటింగులు పడిపోయి సీరియల్ ఆగినా రాబడి తగ్గిపోతుంది. సంభాషణలు చాలాసార్లు సెట్లోనే చేతికందుతాయి. పక్కనుండి సహాయకుడు అందించే మాటలను వింటూనే భావం పలికించవలసి ఉంటుంది. తెలుగు రాని కథానాయికలకు వేరొకరు గొంతు అరువిచ్చే ఈ రంగంలో, ఉచ్చారణ బాగుంటే ఆమెకు డబ్బింగ్ కూడా ఒక దారి అవుతుంది. నల్లగొండ యాసను ఆమె లోపంగా భావించకూడదని నా గట్టి నమ్మకం. రామోజీ ఫిల్మ్ సిటీ మీ విజయవాడ రహదారి మీదే ఉన్నా, రాత్రి దాకా సాగే షూటింగుల వల్ల హైదరాబాద్‌లోనే నివాసం చూసుకోవాలి. అవకాశం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.