ప్యూర్టో రికోలో 183 రోజులు ఉంటే షేర్ల లాభం మీద ట్యాక్స్ పోతుందా?

ఈసారి ప్రశ్న టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి వచ్చింది. "సర్, నేనూ నా భార్యా ఇద్దరం సిటిజెన్సే. నాకు జీతం ఏడాదికి 2 లక్షల డాలర్లు, తను ప్రస్తుతం జాబ్ చేయట్లేదు, పిల్లలిద్దరూ ఇక్కడే స్కూల్లో చదువుతున్నారు. చాలా ఏళ్ళ కింద లక్ష డాలర్లు పెట్టి కొన్న షేర్లు ఇప్పుడు 9 లక్షలయ్యాయి. ప్యూర్టో రికో వెళ్ళి 183 రోజులు ఉంటే క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ సున్నా అని ఒక ఫ్రెండ్ చెప్పాడు. ఫ్యామిలీని ఇక్కడే ఉంచి నేను ఒక్కణ్ణే అక్కడ చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుని, రిమోట్‌గా పని చేసుకుంటూ షేర్లు అమ్మేస్తే సరిపోతుందా? హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె వస్తుంది, ఎన్ఆర్ఈ డిపాజిట్లు కూడా ఉన్నాయి, వాటి మీద కూడా ట్యాక్స్ పోతుందా?"

ముందే చెప్పేస్తానండి, మీరు రాసిన పద్ధతిలో చేస్తే ఆ 8 లక్షల లాభం మీద ట్యాక్స్‌లో ఒక్క డాలర్ కూడా ఆదా కాదు, పైగా జీతం మీద ఇప్పుడు కట్టే దానికన్నా ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య చాలా వస్తున్నాయి, డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, బే ఏరియా నుంచి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అసలు ప్యూర్టో రికోకి ఈ వెసులుబాటు ఎలా వచ్చిందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం అయ్యాక ఆ ద్వీపం అమెరికా చేతికి వచ్చింది, 1900లో ఫోరేకర్ చట్టంతో అక్కడ పౌర ప్రభుత్వం పెట్టారు, 1917లో జోన్స్ చట్టంతో అక్కడి వాళ్ళకి పౌరసత్వం ఇచ్చారు. మధ్యలో 1901లో అక్కడి నుంచి న్యూయార్క్‌కి తెచ్చిన నారింజ పళ్ళ మీద సుంకం వేయొచ్చా లేదా అని ఒక కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది, డౌన్స్ వర్సెస్ బిడ్వెల్ అంటారు. ద్వీపం అమెరికాదే కానీ పన్నులు దేశమంతా ఒకేలా ఉండాలనే రాజ్యాంగ నియమం దానికి వర్తించదు అని కోర్టు తేల్చింది. అప్పటి నుంచి ఈ ద్వీపాలకి ఏ పన్ను వేయాలి, ఏ పథకం ఇవ్వాలి అనేది కాంగ్రెస్ ఇష్టం అయిపోయింది. అక్కడుండే వాళ్ళకి ప్రెసిడెంట్ ఎన్నికల్లో ఓటు లేదు, హౌస్‌లో వాళ్ళ ప్రతినిధికి బిల్లుల మీద ఫైనల్ ఓటు లేదు. అందులోంచి వచ్చిందే మీ ఫ్రెండ్ చెప్పే మినహాయింపు, ఇన్‌కమ్ ట్యాక్స్ కోడ్‌లో సెక్షన్ 933.

ఆ సెక్షన్ చెప్పేది ఏంటంటే ఏడాది పొడవునా ప్యూర్టో రికోలో నిజంగా నివాసం ఉన్న వ్యక్తికి, ప్యూర్టో రికోలో పుట్టిన ఆదాయం మీద ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసే, ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. ఇందులో రెండు షరతులున్నాయి చూడండి, మనిషి అక్కడివాడై ఉండాలి, ఆదాయం కూడా అక్కడిదై ఉండాలి. మీ ఫ్రెండ్ మొదటిది సగం చెప్పాడు, రెండోది అసలు చెప్పలేదు.

మొదటిది చూద్దాం. 183 రోజులు అనేది ఒక పరీక్షలో ఒక దారి మాత్రమే. 2004లో కాంగ్రెస్ సెక్షన్ 937 తెచ్చింది, ఎందుకంటే అంతకుముందు వర్జిన్ ఐలాండ్స్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 90 శాతం తగ్గింపు ఇచ్చే స్కీమ్ ఉంటే దాని కోసం పేరుకి అక్కడ అడ్రస్ పెట్టుకుని నిజానికి మెయిన్‌ల్యాండ్‌లో ఉన్నవాళ్ళు చాలామంది తయారయ్యారు. ఇప్పుడు మూడు పరీక్షలూ పాస్ కావాలి: రోజుల లెక్క, మీ ప్రధాన పని స్థలం, ఇంకా మీ జీవితం ఎక్కడికి ఎక్కువ ముడిపడి ఉందన్నది. ఈ మూడోదాని దగ్గరే మీ ప్లాన్ ఆగిపోతుంది. భార్య ఫ్రిస్కోలో, పిల్లల స్కూల్ ఫ్రిస్కోలో, సొంత ఇల్లు ఫ్రిస్కోలో, కార్లు అక్కడే, డాక్టర్ అక్కడే, మీరొక్కరే ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటే రేపు ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఆడిటర్ ముందు నా కుటుంబ జీవితం ప్యూర్టో రికోలోనే అని ఎలా చెప్తారు? 2021లో ఐఆర్ఎస్ సరిగ్గా ఇలాంటి వాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఒక క్యాంపెయిన్ పెట్టింది. వెళ్ళేవాళ్ళ మొత్తం ఆదాయం 75 వేల డాలర్లు దాటితే ఫారం 8898 వేయాలి, వేయకపోతే వెయ్యి డాలర్ల పెనాల్టీ, అంటే మీరు వెళ్ళినట్టు మీరే రాతపూర్వకంగా చెప్తున్నారన్నమాట, ఆ ఫారంలో ఫ్యామిలీ ఎక్కడుంది, ఇల్లు ఎక్కడుంది అని కూడా అడుగుతారు.

రోజుల లెక్కలో మనవాళ్ళు పట్టించుకోని సంగతి ఇంకోటి, ఇండియా ట్రిప్. హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళి రెండు నెలలు ఉండి వస్తే అవి ప్యూర్టో రికో రోజులు కావు, అమెరికాకీ ద్వీపానికీ బయట గడిపిన రోజుల్లో కొన్ని షరతుల మీద ఏడాదికి 30 వరకే కలుపుకోనిస్తారు.

ఇక రెండోది, ఆదాయం ఎక్కడిది అనేది. డబ్బంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద ఎక్కువ రాస్తున్నా. మీ 8 లక్షల లాభం టెక్సాస్‌లో ఉండగా పెరిగింది. మెయిన్‌ల్యాండ్ నుంచి వెళ్ళినవాళ్ళు వెళ్ళకముందు నుంచీ ఉన్న షేర్లని పదేళ్ళలోపు అమ్మితే ఆ లాభం మొత్తం అమెరికా ఆదాయంగానే లెక్క, ఫెడరల్ ట్యాక్స్ మామూలుగా కట్టాల్సిందే. స్టాక్ ఎక్స్చేంజ్‌లో ట్రేడయ్యే షేర్లకి మాత్రం ఒక ఆప్షన్ ఇచ్చారు, మీరు నివాసి అయిన రోజు ధర ఎంతో చూసి అప్పటిదాకా పెరిగింది అమెరికాది, ఆ తర్వాత పెరిగింది ప్యూర్టో రికోది అని విడగొట్టుకోవచ్చు. ఎటు చూసినా ఆ 8 లక్షలు మాత్రం అమెరికావే, మీరు శాన్ హువాన్‌లో కూర్చుని అమ్మినా ఫ్రిస్కోలో కూర్చుని అమ్మినా ఫెడరల్ బిల్లు అంతే. పదేళ్ళు నిజంగా అక్కడే ఉండి ఆ తర్వాత అమ్మితే ఫెడరల్ పోతుంది, అప్పుడు పాత లాభం మీద అక్కడి ప్రభుత్వం 5 శాతం తీసుకుంటుంది, కానీ మీరు అడిగింది అది కాదు కదా.

మరి అందరూ చెప్పే సున్నా ఎక్కడ నుంచి వచ్చిందంటే అది ప్యూర్టో రికో సొంత చట్టం. 2012లో యాక్ట్ 20, యాక్ట్ 22 తెచ్చారు, 2019లో అవన్నీ కలిపి యాక్ట్ 60 చేశారు. బయటి నుంచి వచ్చి స్థిరపడిన ఇన్వెస్టర్‌కి, వచ్చాక పెరిగిన లాభం మీద ప్యూర్టో రికో తన ట్యాక్స్ వదులుకుంటుంది. దానికి అప్లై చేసి డిక్రీ, అంటే ఆ మినహాయింపు ఇస్తున్నట్టు ప్రభుత్వ పత్రం, తీసుకోవాలి, రెండేళ్ళలో అక్కడ ఇల్లు కొనాలి, ఏటా 10 వేల డాలర్లు అక్కడి స్వచ్ఛంద సంస్థలకి ఇవ్వాలి, ఏటా రిపోర్టుతో పాటు సుమారు 5 వేలు ఫీజు. 2025లో చట్టం మార్చారు, స్కీమ్‌ని 2055 దాకా పొడిగించారు కానీ 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళకి సున్నా ఉండదు, 4 శాతం.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీరు అన్నీ సరిగ్గా చేసి ఫ్యామిలీ మొత్తం వెళ్ళారనుకోండి, ఐదేళ్ళలో మీ 9 లక్షలు 12 లక్షలు అయ్యాయి అనుకోండి. కొత్తగా పెరిగిన 3 లక్షల మీద ఫెడరల్ అత్యధిక రేటు 20 శాతం, పైన 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్యాక్స్, మొత్తం 23.8 వేసుకున్నా మిగిలేది 71,400 డాలర్లు. ఐదేళ్ళ విరాళాలు, ఫీజులు కలిపితే 75 వేలు. ఇల్లు కొన్న ఖర్చు, లాయర్, రెండు చోట్ల సీపీఏ (ట్యాక్స్ చూసే అకౌంటెంట్), ఇవేవీ ఇందులో వేయలేదు.

జీతం సంగతి ఇంకా ఇబ్బంది. ప్యూర్టో రికోలో కూర్చుని చేసిన పని ప్యూర్టో రికో ఆదాయం, కంపెనీ టెక్సాస్‌లో ఉన్నా సరే. దాని మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు, నిజమే, కానీ అక్కడి ట్యాక్స్ ఉంటుంది, అక్కడ 61,500 డాలర్లు దాటగానే 33 శాతం శ్లాబ్‌లో పడిపోతారు. యాక్ట్ 60 ఇన్వెస్టర్ డిక్రీ జీతానికి పనికిరాదు. మీ 2 లక్షల జీతానికి ఇప్పుడు మీరిద్దరూ కలిపి ఫైల్ చేస్తే, స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక, ఫెడరల్ ట్యాక్స్ సుమారు 27 వేలు, టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలాగూ లేదు. అదే జీతానికి అక్కడ దాదాపు 50 వేలు అవుతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు అక్కడ కూడా మామూలే. కాలిఫోర్నియాలో ఉండి స్టేట్ ట్యాక్స్ భారీగా కడుతున్నవాళ్ళ లెక్క వేరు, మీకైతే పోగొట్టుకోవడానికి స్టేట్ ట్యాక్సే లేదు.

డివిడెండ్లు కూడా అంతే, అమెరికన్ కంపెనీ ఇచ్చే డివిడెండ్ అమెరికా ఆదాయం, మీరెక్కడున్నా ఫెడరల్ ట్యాక్స్ ఉంటుంది. మీ హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, ఎన్ఆర్ఈ వడ్డీ ఇండియా ఆదాయం, సెక్షన్ 933 కాపాడేది ప్యూర్టో రికోలో పుట్టిన ఆదాయాన్ని మాత్రమే కాబట్టి వీటిని ఫెడరల్ రిటర్న్‌లో ఇప్పటిలాగే చూపించాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో ట్యాక్స్ లేదని అమెరికాలో చూపించకుండా వదిలేసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి, అక్కడికి వెళ్ళినా వెళ్ళకపోయినా. ఎఫ్‌బార్, అంటే విదేశీ అకౌంట్ల వివరాలిచ్చే రిపోర్టు, కూడా అంతే, విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10 వేల డాలర్లు దాటితే ద్వీపంలో ఉన్నవాళ్ళు కూడా వేయాల్సిందే.

గువామ్, వర్జిన్ ఐలాండ్స్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. అక్కడ పద్ధతి వేరు, అమెరికా ట్యాక్స్ కోడ్‌నే అద్దంలో చూపించినట్టు తమ స్థానిక చట్టంగా వాడుకుంటారు, రేట్లు దాదాపు అవే, నిజంగా అక్కడ స్థిరపడిన వాళ్ళ పన్ను మాత్రం ద్వీపం ఖజానాకి వెళ్తుంది. వర్జిన్ ఐలాండ్స్‌ని అమెరికా 1917లో డెన్మార్క్ దగ్గర 2.5 కోట్ల డాలర్ల బంగారానికి కొంది, అక్కడ తగ్గింపు కావాలంటే వ్యాపారం పెట్టి, స్థానికులకి ఉద్యోగాలిచ్చి, ప్రభుత్వం దగ్గర విడిగా అనుమతి తెచ్చుకోవాలి. జీతగాళ్ళకి అక్కడ ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఇంకో సంగతి, డబ్బు లెక్కలో కనిపించనిది. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేని చోట కొన్ని ఫెడరల్ సాయాలు కూడా ఉండవు. న్యూయార్క్‌లో ఎస్ఎస్ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకి, వికలాంగులకి ఇచ్చే ఫెడరల్ సాయం) తీసుకునే ఒకాయన 2013లో ప్యూర్టో రికో మారితే ఆ సాయం ఆపేయడమే కాదు, అప్పటిదాకా ఇచ్చిన 28 వేల డాలర్ల పైచిలుకు వెనక్కి కట్టమని ప్రభుత్వం కేసు వేసింది. 2022లో సుప్రీం కోర్టు 8-1తో ప్రభుత్వం వైపే తీర్పు ఇచ్చింది, అక్కడి వాళ్ళు మామూలుగా ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టరు కాబట్టి కాంగ్రెస్ ఈ తేడా చూపించొచ్చు అని. నాకైతే ఈ తీర్పు బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే ఓటు లేని జనం ఇటు ఆ సాయం కోల్పోతున్నారు, అటు యాక్ట్ 60 ఇన్వెస్టర్ మినహాయింపు ఎప్పటి నుంచో అక్కడే ఉంటున్న వాళ్ళకి రాదు, కొత్తగా వచ్చేవాళ్ళకే. 7 వేల కోట్ల డాలర్ల పైన అప్పుతో 2016లో ద్వీపం ఆర్థిక వ్యవహారాల మీద ఫెడరల్ బోర్డు వచ్చి కూర్చున్న చోట ఇళ్ళ ధరలు పెరిగి స్థానికులకి కోపం ఉందంటే అది న్యాయమైన కోపమే. అక్కడ నిజంగా బతకాలనుకుంటే వెళ్ళండి, స్పానిష్ నేర్చుకోండి, పిల్లల్ని అక్కడి స్కూల్లో వేయండి, చాలా అందమైన చోటు. షేర్లు అమ్మడం కోసం మాత్రం వద్దు.

ఇది ఎవరికి పనికొస్తుందంటే ఇంకా విలువ పెద్దగా పెరగని సొంత కంపెనీ ఉండి, కుటుంబం మొత్తం మారగలిగి, జీతం మీద ఆధారపడని వాళ్ళకి. అప్పుడు లాభం అక్కడికి వెళ్ళాక పుడుతుంది కాబట్టి చట్టం వాళ్ళకి నిజంగా సాయం చేస్తుంది. బయటి క్లయింట్లకి సేవలు అమ్మే ప్యూర్టో రికో కంపెనీ పెడితే 4 శాతం కార్పొరేట్ రేటు కూడా ఉంది. హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు మాత్రం ఇమిగ్రేషన్ లెక్కలో ప్యూర్టో రికో అమెరికాలోనే ఉన్నా పని చేసే ఊరు మారింది కాబట్టి పిటిషన్ సవరించుకోకుండా కదలకూడదు.

మీరు చేయగలిగింది ఫ్రిస్కోలోనే చాలా ఉంది. మొత్తం ఒకే ఏడాది అమ్మితే సుమారు లక్షా 65 వేలు ట్యాక్స్ పడుతుంది, ఎందుకంటే సగం దాకా లాభం 20 శాతం రేటులోకి, ఎక్కువ భాగం 3.8 శాతం అదనపు ట్యాక్స్‌లోకి వెళ్తుంది. అదే ఏటా లక్ష లాభం చొప్పున అమ్ముకుంటే ఏడాదికి 17 వేల దగ్గర ఆగుతుంది, 8 ఏళ్ళకి దాదాపు 30 వేలు మిగులుతాయి. 2 లక్షల జీతం మీద అద్దె, వడ్డీ, డివిడెండ్లతో కలిపి లాభం ఇంకో 50 వేలు దాటకుండా అమ్మితే, దంపతులకి ఆ 3.8 శాతం మొదలయ్యే 2.5 లక్షల గీత దాటరు కాబట్టి అది కూడా పడదు. మధ్యలో ఎప్పుడైనా ఉద్యోగం మారేటప్పుడు ఒక ఏడాది గ్యాప్ వస్తే అసలు వదలొద్దు, 2025 లెక్కల్లో దంపతులకి ట్యాక్సబుల్ ఇన్‌కమ్ 96,700 డాలర్ల వరకు లాంగ్ టర్మ్ లాభం మీద రేటు సున్నా, ఇల్లు మారకుండానే.

తొమ్మిది లక్షలూ ఒకటి రెండు కంపెనీల షేర్లలోనే ఉంటే నా అసలు భయం ట్యాక్స్ గురించి కాదు. ఆ షేరు ఒక్క ఏడాదిలో 30 శాతం పడితే పోయేది 2 లక్షల 70 వేలు, మీరు తప్పించుకోవాలనుకునే ట్యాక్స్ కన్నా చాలా ఎక్కువ. ఈ డిసెంబర్‌లోపు మొదటి విడత అమ్మేసి ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చండి, ఎక్కువ ఖరీదుకి కొన్న లాట్లు ముందు అమ్మమని బ్రోకరేజ్‌లో సెలెక్ట్ చేసుకోండి, ఆ క్వార్టర్‌కి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టడం మర్చిపోకండి.