బైపాస్ అయ్యాక నడక ఎంత, ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్ళు. బైపాస్ ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. మొదట్లో హాల్లోనే అటూ ఇటూ తిరిగేవారు. మొన్న ఒంట్లో బాగుందని ఒకేసారి నలభై నిమిషాలు నడిచొచ్చారు. మర్నాడు మంచం దిగలేకపోయారు. అప్పటినుంచి నడకంటేనే భయపడుతున్నారు. మళ్ళీ ఎలా మొదలుపెట్టించాలి?

జవాబు: నాన్నగారి ఉత్సాహం మంచిదే, మోతాదు ఎక్కువైంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఒంట్లో రక్తం తక్కువగా ఉంటుంది. ఆస్పత్రి మంచం మీద గడిపిన రోజుల్లో తొడల్లో కండ తరిగిపోతుంది. పెద్దవయసులో పోయిన కండ అంత త్వరగా తిరిగి రాదు. కొత్త రక్తనాళాలతో గుండె సిద్ధంగా ఉన్నా కాళ్ళు ఇంకా సిద్ధంగా లేవన్నమాట. ఒకసారి డాక్టర్‌కు ఈ సంగతి చెప్పి, ఆయన సరేనన్నాక పది నిమిషాలతో మళ్ళీ మొదలుపెట్టించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తిన్న వెంటనే వద్దు, గంటన్నర ఆగాలి.

ఆ పది నిమిషాల్లో మొదటి మూడు తీరిగ్గా, నడుమ నాలుగు కాస్త చురుగ్గా, చివరి మూడు మళ్ళీ నెమ్మదిగా నడవాలి. రెండు మూడు రోజులు ఇబ్బంది లేకపోతే నడిమి భాగానికి రెండు నిమిషాలు కలపండి. ఇలా పెంచుకుంటూ పోతే సుమారు నాలుగు వారాల్లో పూటకు అరగంట దాకా వస్తారు. ముందు సమయం పెంచాలి, ఆ తర్వాతే వేగం. ఎత్తు ఎక్కే దారి అన్నిటికంటే చివర. సమయమూ వేగమూ ఒకేసారి పెంచితే మొన్నటి కథే మళ్ళీ. నడిచొచ్చాక గంటకు కూడా అలసట తీరకపోయినా, మర్నాడు పొద్దున కాళ్ళు బరువుగా ఉన్నా అంతకుముందటి మోతాదుకు దిగిపోవాలి. నాలుగు రోజులు మానేస్తే ఆపిన చోటునుంచి కాకుండా సగంనుంచి మొదలుపెట్టాలి.

చివరి మూడు నిమిషాలు చాలామంది ఎగ్గొడతారు. నడుస్తున్నంతసేపూ పిక్కలు బిగుస్తూ వదులవుతూ కాళ్ళలో రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఠక్కున ఆగి నిలబడితే ఆ తోపుడు ఆగిపోతుంది. రక్తం కాళ్ళలోనే ఉండిపోయి, బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్రలు వేసుకునేవారికి మరీను.

ఇక రొమ్ము ఎముక. దాన్ని కోసి, స్టీలు తీగలతో కట్టి ఉంటారు. అతుక్కోవడానికి ఆరునుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. అందుకని నడకకు లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవకూడదు. ముందు కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి లాక్కోవాలి. చేతులు గుండెల మీద కట్టుకుని, ముందుకు వంగి, తొడల బలంతో లేవాలి. నడిచేటప్పుడు చేతిలో సంచీ వద్దు. కుక్కను పట్టుకుని నడవడం అసలే వద్దు, అది ఒక్క గుంజు గుంజితే చాలు. కుట్లు లాగుతాయని భయపడి భుజాలు ముందుకు వంచేస్తుంటారు, అలా నడిస్తే మెడా వీపూ పట్టేస్తాయి. చేతులు వదులుగా ఊగనివ్వండి.

ప్రశ్న: ఎంత చురుగ్గా నడిచినా చేతి గడియారంలో నాడి 90 దాటడం లేదు. నా నడక చాలడం లేదా? వయసు 66.

జవాబు: మీ మందుల చీటీ చూడండి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఉంటే నాడి పెరగకుండా ఆపుతున్నది అదే, దాని పనే అది. నాడి గరిష్ఠంగా ఎంత కొట్టుకోవచ్చో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క మీకు వర్తించదు. నాడి కోసం వేగం పెంచుకుంటూ పోతే ప్రమాదం. శ్వాసే కొలత. ఊపిరి కాస్త పెరగాలి, కానీ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. రెండు మాటలకే రొప్పు వస్తే వేగం ఎక్కువైనట్టు. ఊరికే కూర్చున్నప్పుడు నాడి 120 దాటినా, కొట్టుకోవడం లయ తప్పినా ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. ఆ మాత్ర మాత్రం సొంతంగా మానకండి.

ప్రశ్న: గుండెకు వేయడానికి నరం తీసిన కాలు సాయంత్రానికల్లా వాస్తోంది. నడవడం మానెయ్యాలా?

జవాబు: మానొద్దు. నడకే ఆ వాపుకు మందు. తీసింది సిర, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళం గనక కాలి రక్తం వేరే దారులు వెతుక్కుంటుంది, వాపు తగ్గడానికి వారాలు పడుతుంది. పడుకుని, మడమ గుండెకంటే ఎత్తులో ఉండేలా కాలి కింద దిండ్లు పెట్టుకోండి. కూర్చుని స్టూలు మీద కాలు చాపితే ఆ ఎత్తు రాదు. కాలు మీద కాలు వేసుకోవద్దు. చీలమండ దగ్గర తిమ్మిరి ఉంటే చెప్పు కొరికినా తెలియదు, రోజూ పాదం చూసుకోండి. తెల్లారేసరికి వాపు దిగితే ఫరవాలేదు. పిక్క ఎర్రగా వేడెక్కి నొప్పి పెట్టినా, రెండు కాళ్ళూ వాచినా, ఒక్క రోజులో కిలో లేదా వారంలో రెండు కిలోల బరువు పెరిగినా ఆలస్యం చేయకండి. బరువు పొద్దున్నే, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద చూసుకోవాలి.

ప్రశ్న: నడుస్తుంటే ఛాతీలో నొప్పి వస్తోంది. కుట్లదా, గుండెదా తెలిసేదెలా?

జవాబు: దగ్గినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు, వేలితో నొక్కినప్పుడు చురుక్కుమంటే ఎక్కువగా కుట్లూ ఎముకా. నడుస్తుంటే వచ్చి, ఆగితే తగ్గుతూ, బరువు పెట్టినట్టు అదిమితే గుండెదని అనుకోవాలి. దవడకో, ఎడమ చేతికో పాకవచ్చు. షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసమో చెమటో మాత్రమే రావచ్చు. వెంటనే ఆగి కూర్చోండి. డాక్టర్ ఇచ్చిన నాలుక కింది మాత్ర ఉంటే కూర్చునే పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ దిగి పడిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి. ఇల్లు దగ్గరే కదా అని నడిచి వెళ్ళొద్దు. తగ్గిపోయినా సరే, డాక్టర్ చూసేదాకా నడక ఆపండి. రొమ్ము ఎముక టక్కుమని కదిలినట్టు అనిపించినా, గాయం తడిగా ఉన్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా చూపించాలి.

ప్రశ్న: బైపాస్ అయి మూడేళ్ళయింది. వారానికి ఐదు రోజులు అరగంట నడుస్తాను. 74 ఏళ్ళకు ఇది చాలా?

జవాబు: గుండెకు చాలు, వారానికి 150 నిమిషాలు అవుతోంది. పడిపోకుండా ఉండడానికి మాత్రం నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు వాడకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడడం కలపండి. ఊపిరి బిగబట్టకండి, లేచేటప్పుడు వదలాలి.